సందేహాలు – సమాధానాలు: దవడ కీలా, హనుసంధా?

సందేహం: "పసిపిల్లల దవడ కీలు యుక్తవయస్కుల దవడ కీలుకన్నా భిన్నంగా ఉంటుంది" అని ఒక ఆరోగ్య వ్యాసంలో చదివాను. 'దవడ కీలు' అనవచ్చునా, 'హనుసంధి' అనాలా?

సమాధానం: రెండూ సాధువులే. 'టీఎంజే' అని, ఈ కీలు ఇంగ్లీషు పేరైన 'టెంపొరోమాండిబ్యులర్ జాయింట్'కు పొడి అక్షరాలైన మూడింటిని తెలుగులో చెక్కి చేతులు దులుపుకోనందుకు ఆ వ్యాసకర్తను ముందుగా మెచ్చుకోవాలి.

'దవడ' దేశ్యం, కన్నడ 'దవడె' దానికి తోబుట్టువు. దవడ అనే అర్థంలోనే ఉన్న సంస్కృత 'హను' శబ్దమంటే నాకు మక్కువ ఎక్కువ. కిష్కింధాకాండలో జాంబవంతుడు చెప్పినట్లు, సూర్యుణ్ణి పండనుకొని ఎగిరిన బిడ్డపై ఇంద్రుడు వజ్రం విసరగా, కొండ కొమ్మున ఎడమ హనువు విరిగి, ఆ బిడ్డకు హనుమంతుడనే పేరు వచ్చింది. ఆ పేరు చివర 'కలవాడు' అనే అర్థమిచ్చే మతుప్ ప్రత్యయానికి ప్రాశస్త్యార్థం, అంటే గొప్పదనాన్ని తెలిపే అర్థం కూడా ఉన్నది కనుక 'గొప్ప హనువులు గలవాడు' అనీ చెప్పుకోవచ్చు. ఏమైనా ఆ మహానామానికి మూలం ఒక పసివాడి దవడ. ఎదిగే దవడకు ఆధారమైన మృదులాస్థి కీలు దగ్గరే ఉంటుంది కనుక, బాల్యంలో అక్కడ తగిలిన దెబ్బ ఆ వైపు ఎదుగుదలనే కుంటుపరచవచ్చునని వైద్యులు చెప్పేటప్పుడు నాకు ఆ కథే తలపునకు వస్తుంది.

ఇక 'కీలు'. దీని మూలమైన 'కీల' శబ్దానికి మేకు అని అర్థం. మేకు చుట్టూ తిరిగేదే కీలు అనుకుంటే, ఆ మాట పెద్దల దవడకు సగమే పొసగుతుంది. కణత ఎముక గుంటలో కూర్చున్న కింది దవడ తల, నోరు తెరవగానే మొదట తిరుగుతుంది. ఇంకా తెరిస్తే, నడుమనున్న మెత్తని పలకతో సహా గుంట ముందున్న గట్టు మీదికి జారుతుంది. అప్పుడే పుట్టిన శిశువుకు ఆ గుంట దాదాపు చదును, గట్టు ఇంకా లేవలేదు. అందువల్ల దవడ ముందుకూ వెనుకకూ సులువుగా జారుతుంది. పాలు చప్పరించడానికి అదే అనువు. పళ్లు మొలిచి, నమలడం అలవడిన కొద్దీ గట్టు లేచి గుంట లోతవుతుంది. కీలు కీలుగా పుట్టదు, క్రమంగా అవుతుందన్నమాట.

కాబట్టి ఆ మాట సగమైనా పొసగే పెద్దల విషయంలో 'దవడ కీలు' నిరభ్యంతరం. కదలిక తీరును చెప్పక కలయికను మాత్రమే చెప్పే 'హనుసంధి' పసివారికి మేలనిపిస్తుంది. అయితే వాడుకలో స్థిరపడిన మాటను తోసిపుచ్చే సాహసం చేయను. 'హనుకీలు' మాత్రం నా చెవికి అతకదు. అసలు తప్పు మీరడగని చోట ఉన్నది: యుక్తవయసంటే ఈడు వచ్చిన వయసు. డెబ్బై ఏళ్లవారిని కూడా అందులోకి లాగడమెందుకు? 'పెద్దలు' అంటే సరిపోయేది.