సమాధానం: వినికిడి మిషన్ పెట్టుకుంటే సొంత గొంతే కుండలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది

మీ నాన్నగారి మిషన్ చివర రంధ్రాలు లేని డోమ్ (చెవిలోకి దూరే మెత్తని టోపీలాంటి ముక్క) ఉందని రాశారు కనుక, ఆయన గొంతు ఆయనకే కుండలోంచి వస్తున్నట్టు వినిపించడానికి బహుశా అదే కారణం. మాట్లాడేటప్పుడు, నమిలేటప్పుడు ఎముకల ద్వారా చెవిలోకి చేరే మంద్రధ్వని బయటికి పోయే దారి లేక అక్కడే బలపడుతుంది. రంధ్రాలున్న ఓపెన్ డోమ్‌లో ఆ ధ్వని బయటికి పోతుంది, గాలి ఆడుతుంది, చెవిలో చెమ్మ కూడా తగ్గుతుంది.

1. ముందు చెవిలో గులిమి లేదని డాక్టరుతో చూపించుకోండి.

2. ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష ఫలితాన్ని చూపే గీతల పటంలో) 250, 500 హెర్ట్జ్‌ల దగ్గర, అంటే మంద్రస్వరాల దగ్గర చూడండి. అక్కడ లోపం సుమారు 30 డెసిబెల్స్ లోపు ఉండి, 2000 దాటాకే గీత కిందికి జారితే ఓపెన్ డోమ్ చక్కగా సరిపోతుంది. మంద్రంలోనూ లోపం ఎక్కువగా ఉంటే, మిషన్ పెంచిన ధ్వని ఆ రంధ్రాల గుండానే జారిపోతుంది కనుక ఇది వద్దు.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. డోమ్‌ను ఇంట్లో మార్చుకుని ఊరుకోకూడదు. ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) సాఫ్ట్‌వేర్‌లో డోమ్ రకాన్ని ‘ఓపెన్’గా మార్చి, మిషన్ చెవిలో ఉండగానే ఫీడ్‌బ్యాక్ పరీక్షను (మిషన్ కూత పెట్టకుండా సరిచూసే పరీక్షను) మళ్ళీ నడపాలి. ఇది చేయకపోతే పాత లెక్కలే కొనసాగి మిషన్ కూత పెట్టవచ్చు, మాట పలచబడవచ్చు. అప్పుడు పెద్దవాళ్ళు మిషన్‌ను తీసి డబ్బాలో పెట్టేస్తారు, అది నిజంగా బాధాకరం.

4. వీలైతే చెవిలో సన్నని గొట్టంతో చేసే రియల్ ఇయర్ కొలత (మిషన్ ధ్వని చెవి లోపల నిజంగా ఎంత చేరుతోందో చూసేది) కూడా అడగండి.

మిషన్ మోడల్ ఓపెన్ డోమ్‌ను అంగీకరిస్తే కొత్త మిషన్ కొనే అవసరం లేదు.