బోర్డు మిల్లులో, డీబగ్గర్ హైదరాబాద్‌లో

ప్రశ్న: సార్, మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లుకి వడ్లు ఆరబెట్టే డ్రయర్ కంట్రోలర్ బోర్డు చేసిచ్చాను. చిప్పు ఎస్‌టీఎం32 ఎఫ్103. ఊక ఫీడర్ మోటారు, బ్లోయరు రెండూ ఆ బోర్డు రిలేల మీదే నడుస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి రాత్రిపూట డిస్‌ప్లే బిగుసుకుపోతోంది. కరెంటు తీసి మళ్లీ ఇస్తే మామూలైపోతుంది. నేనుండేది హైదరాబాద్‌లో. బోర్డు పక్కనే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, చిప్పుని బయటి నుంచి ఆపి లోపల చూపించే ఎస్‌టీ-లింక్ పరికరం పెట్టి, 4జీ డాంగిల్ తగిలించి వచ్చాను. పైలో, ఎస్‌టీ-లింక్‌ని డీబగ్గర్‌కి కలిపే ఓపెన్‌ఓసీడీ ప్రోగ్రాం నడుస్తోంది. ఇక్కణ్నుంచి జీడీబీ డీబగ్గర్‌తో (ప్రోగ్రాంని ఆపి తప్పు వెతికే సాధనం) 3333 పోర్టుకి ఎంత ప్రయత్నించినా కలవడం లేదు. పోర్టు బయటికి తెరిచేయమని ఒక మిత్రుడన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పోర్టు మాత్రం తెరవకండి. జీడీబీ అవతలి బోర్డుతో మాట్లాడే రిమోట్ ప్రోటోకాల్‌లో పాస్‌వర్డ్ అనే మాటే లేదు. ఎవరు తలుపు తడితే వాళ్లకి మెమరీ చూపిస్తుంది, రాయనిస్తుంది, ఫ్లాష్‌లోని ప్రోగ్రాం చెరపనిస్తుంది. నిప్పుతో నడిచే యంత్రానికి అలాంటి తలుపు పెడతామా?

అయినా మీరు తెరిచినా కలవదు లెండి. డాంగిల్ సిమ్ముకి సాధారణంగా సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, చాలామందికి కలిపి ఒకటే ఇస్తారు. బయటి నుంచి వచ్చిన పిలుపు మీ పై దాకా రాదు. పైగా ఇప్పటి ఓపెన్‌ఓసీడీ, మనం వేరే చెబితే తప్ప, అదే మిషన్ లోపలి నుంచి వచ్చిన పిలుపే వింటుంది. ఇది మంచి అలవాటు, మార్చకండి.

దారి తిప్పి వేయండి. బయటి నుంచి పైలోకి వెళ్లలేం గానీ పై బయటికి రాగలదు కదా. నెలకి కొద్ది అద్దెతో ఒక చిన్న క్లౌడ్ మిషన్ తీసుకుని, పై నుంచి దానికి ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ (పై తనే తెరిచే భద్రమైన దారి, దాని గుండా మనం వెనక్కి వెళ్లొచ్చు) వేయండి. సిగ్నల్ పోయి వస్తే తనంతట తనే మళ్లీ వేసుకునేలా సర్వీసుగా పెట్టండి. మీరు ల్యాప్‌టాప్ నుంచి క్లౌడ్ మిషన్‌లోకి, అక్కణ్నుంచి పైలోకి వెళ్తారు. అక్కడికి వెళ్లాక జీడీబీని కూడా పైలోనే నడపండి. 'జీడీబీ మల్టీఆర్క్' ప్యాకేజీ వేసి, మీ ఈఎల్‌ఎఫ్ ఫైలు (కంపైల్ చేసిన ప్రోగ్రాం) అక్కడికి పంపి, 'టార్గెట్ రిమోట్ లోకల్‌హోస్ట్:3333' అనండి. హైదరాబాద్ దాకా వచ్చేది తెర మీది అక్షరాలే.

జీడీబీని ల్యాప్‌టాప్‌లో నడిపి టన్నెల్ గుండా కలపొచ్చు కదా అంటారేమో. కలపొచ్చు, కానీ జీడీబీది ముసలమ్మ ముచ్చట్ల వరస. ఒకసారి 'సెట్ డీబగ్ రిమోట్ 1' అని పెట్టి చూడండి. రిజిస్టర్లు కావాలంటే డాలర్ గుర్తు, చిన్న 'జి', హాష్ గుర్తు, 67 అని పంపుతుంది. ఆ 67 చెక్‌సమ్, అంటే మాట చెడకుండా చేరిందో లేదో చూసుకునే లెక్క; 'జి' అక్షరం హెక్సా విలువే అది. అవతలివాడు ముందు ప్లస్ గుర్తు పంపి 'అందింది' అంటాడు, తర్వాత జవాబిస్తాడు, దానికి మనవాడు మళ్లీ ప్లస్ పంపాలి. చెక్‌సమ్ కుదరకపోతే మైనస్, మళ్లీ మొదటికి. అవతలివాడు 'ఓకే' అన్నా లెక్క అప్పజెప్పాల్సిందే: 'ఓ' 79, 'కే' 75, కలిపితే 154, హెక్సాలో 9ఏ. ఒక్క స్టెప్పు వేస్తే ఇలాంటి రాకపోకలు బోలెడు. టేబుల్ మీద కేబుల్‌తో అయితే తెలియదు. 4జీలో ఒక్కో మాటా ఊరికి పోయి రావాలి. జీడీబీ ఓపిక మామూలుగా 2 సెకన్లే. తప్పనిసరై దూరం నుంచి కలిపితే 'సెట్ రిమోట్‌టైమౌట్ 20' అని ముందే చెప్పుకోండి.

ఇక మీరు అడగని విషయం. నా దృష్టిలో అసలు సంగతి అదే.

జీడీబీ కలిసీ కలవగానే సీపీయూ ఆగుతుంది. ఆగేది సీపీయూ, డ్రయర్ కాదు. పిన్ను ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే నిలబడుతుంది. ఊక ఫీడర్ రిలే ఆన్‌లో ఉండగా మీరు హైదరాబాద్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రాం ఆగమని మనం పెట్టిన చోటు) దగ్గర కూర్చుని వేరియబుల్స్ చూసుకుంటుంటే, అక్కడ పొయ్యిలో ఊక పడుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత చూసే ప్రోగ్రామేమో నిద్రలో ఉంటుంది. వడ్లు అతిగా వేడెక్కితే గింజ లోపల చీలుతుంది. మరపట్టాక నూకలు చూసి మిల్లు యజమాని మీకే ఫోన్ చేస్తాడు. అది తక్కువ నష్టం, నిప్పు సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బోర్డులు మోటరోలా 68000వి. రోమ్ మానిటర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఈప్రామ్‌లో కాల్చి పెట్టేవాళ్లం, డంబ్ టెర్మినల్ నుంచి దానితో మాట్లాడేవాళ్లం. 9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలు. 64 కేబీ ప్రోగ్రాం ఎస్-రికార్డులుగా (హెక్సా అక్షరాల రూపంలో) ఎక్కాలంటే మూడు నిమిషాలకు పైనే. ఒకరోజు కన్వేయర్ బెల్టు బోర్డు మీద బ్రేక్‌పాయింట్ పెట్టి, అది అక్కడికి చేరేలోపు టీ తాగొద్దామని వెళ్లాను. వచ్చేసరికి ప్రోగ్రాం చక్కగా ఆగి ఉంది. బెల్టు ఆగలేదు. మోటారుకి 'తిరుగు' అని చెప్పిన లాచ్ ఆ మాట పట్టుకునే ఉంది. ట్రేలన్నీ చివరి నుంచి ఒక్కొక్కటే కింద పడుతుంటే షాపు ఫోర్‌మన్ చేతులు కట్టుకుని నావైపే చూస్తున్నాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

కాబట్టి ముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పట్టుకుని ఫీడర్ కాంటాక్టర్ కాయిల్ లైన్‌లో విడిగా ఒక థర్మోస్టాట్ పెట్టించండి. మీ ప్రోగ్రాం బతికున్నా చచ్చినా, హద్దు దాటితే అది ఫీడర్ ఆపేయాలి. నిజానికి ఇది డీబగ్గర్ కోసమే కాదు. డిస్‌ప్లే బిగుసుకున్న రాత్రుల్లోనూ మీ రిలే ఎక్కడుందక్కడే ఉండి ఉంటుంది, ఇన్నాళ్లూ అదృష్టం. రెండోది, డీబగ్గర్ కలిపేముందు ఆపరేటర్‌కి ఫోన్ చేసి, ఫీడర్‌ని మాన్యువల్‌లో ఆపించి, ఆపాడని నోటితో చెప్పించుకుని కలపండి.

బిగుసుకున్నప్పుడు ఏం చూడాలంటారా? చిప్పుని మొదటికి తెచ్చి ఆపే 'మానిటర్ రీసెట్ హాల్ట్' కొట్టొద్దు, నెట్‌లో ప్రతివాడూ మొదటి లైను అదే రాస్తాడు. అది కొట్టారంటే దొంగ పారిపోయాక ఇల్లు కడిగినట్టే, ఆధారాలు పోతాయి. ఊరికే కలిపి, 'బ్యాక్‌ట్రేస్' (ప్రోగ్రాం ఏ ఫంక్షన్ల గుండా అక్కడికి చేరిందో చూపే జాబితా) అడగండి. మీ డిస్‌ప్లే ఐ2సీ (చిప్పుల మధ్య రెండు తీగల లైను) మీద ఉంటే నా అనుమానం ఒకటుంది: బిజీ ఫ్లాగ్ దిగేదాకా తిరిగే వైల్ లూపులో ఇరుక్కుని ఉంటుంది. ఎఫ్103 ఐ2సీలో ఆ ఫ్లాగ్ అతుక్కుపోవచ్చని చిప్పు తయారీదారే లోపాల పత్రంలో రాసుకున్నాడు. కాంటాక్టర్ కొట్టినప్పుడల్లా పుట్టే నాయిస్ దానికి తోడవుతుంది. అదే అయితే లూపుకి గడువు పెట్టండి, గడువు దాటితే ఐ2సీని రీసెట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. రిలే కాయిల్స్‌కి డయోడ్లు, కాంటాక్టర్ కాయిల్‌కి స్నబ్బర్ (ఆ నాయిస్‌ని అణచేవి) ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: నాకు ఎస్‌టీ-లింక్ లేదు సార్. సీరియల్ పోర్టు మీద పనిచేసేలా జీడీబీ స్టబ్ (బోర్డు లోపలుండి జీడీబీకి జవాబిచ్చే చిన్న ప్రోగ్రాం) నేనే రాసి నా బోర్డులో కలిపాను. కనెక్ట్ అవుతోంది, రిజిస్టర్లు వస్తున్నాయి. కానీ బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగిన కొద్ది సెకన్లకే బోర్డు రీసెట్ అవుతోంది. డీబగ్‌లో వాచ్‌డాగ్ (ప్రోగ్రాం ఎప్పటికప్పుడు పలకరించకపోతే చిప్పుని రీసెట్ చేసే టైమర్) ఆగే బిట్ కూడా వేశాను.
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: స్టబ్ సొంతంగా రాశారంటే ముందు శభాష్. మీ బిట్‌లో తప్పు లేదు, అది మీకు వర్తించదంతే. ఎస్‌టీ-లింక్ లాంటిది బయటి నుంచి కోర్‌ని నిజంగా ఆపితేనే ఆ బిట్ వాచ్‌డాగ్‌ని ఆపుతుంది. మీ స్టబ్ అయితే అదే సీపీయూ మీద నడిచే ఇంకో ప్రోగ్రాం. మీ అసలు కోడ్ ఆగింది గానీ సీపీయూ పరుగు ఆగలేదు, సీరియల్‌లో తర్వాతి అక్షరం ఎప్పుడొస్తుందా అని ఒక లూపులో తిరుగుతోంది. వాచ్‌డాగ్‌కి ఎవరూ తిండి పెట్టడం లేదు. ఆ అక్షరం కోసం ఎదురుచూసే ఫంక్షన్ లోపలే, లూపు తిరిగిన ప్రతిసారీ వాచ్‌డాగ్‌ని రిఫ్రెష్ చేయండి. సరిపోతుంది.

ఇంకోటి. ఫ్లాష్‌లో ఉన్న కోడ్ మీద ఆ స్టబ్‌తో బ్రేక్‌పాయింట్ ఎలా పెడుతున్నారు? ర్యామ్‌లో అయితే అసలు ఇన్‌స్ట్రక్షన్ తీసి ఆగమనే ట్రాప్ పెట్టి తర్వాత వెనక్కి పెట్టొచ్చు. ఫ్లాష్‌లో అలా చెల్లదు. కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్ అయితే లోపల బ్రేక్‌పాయింట్ల కోసం 6 హార్డ్‌వేర్ కంపారేటర్లు (చిరునామా సరిపోలగానే ఆపేవి) ఉంటాయి, స్టబ్ వాటిని వాడాలి. ఏడోది అడిగితే ఎర్రర్ జవాబివ్వండి, పెట్టినట్టు నటించి 'ఓకే' అనకండి. పాత కంప్యూటర్ ల్యాబుల్లో అలా 'ఓకే' అన్న స్టబ్ ఒకటి నా రెండు రోజులు తినేసింది.

ప్రశ్న: టార్గెట్ రిమోట్ కొట్టగానే 'రిమోట్ జి ప్యాకెట్ రిప్లై ఈజ్ టూ లాంగ్' అంటోంది. బోర్డు పాడైందా?
– వరంగల్ నుంచి ఒకరు

జవాబు: బోర్డు బాగానే ఉంది. మీ జీడీబీ ఒక ప్రాసెసర్‌కి రిజిస్టర్లు లెక్కేసుకుని కూర్చుంది, బోర్డు ఇంకోదాని లెక్కన పంపింది. ఆర్మ్ బోర్డుకి ల్యాప్‌టాప్‌లో ముందే ఉన్న మామూలు జీడీబీ వాడుతున్నట్టున్నారు. ఆర్మ్‌ది గానీ మల్టీఆర్క్‌ది గానీ వేసుకుని, కలిపేముందు ఈఎల్‌ఎఫ్ ఫైలు లోడ్ చేయండి.