మట్టిని పారబోయవద్దు

రాజమహేంద్రవరం

చిరంజీవి సింధూజను ఆశీర్వదించి పెద్దమ్మ వ్రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి, నీవు వియన్నా వెళ్లి తూర్పు గడ్డిమైదానాల నుంచి ఐరోపాకు వచ్చిన అవార్లనే సంచార జాతి శ్మశానాలలో దొరికిన అస్థిపంజరాలపై పరిశోధన చేయబోతున్నావని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. పెళ్లి కావలసిన పిల్ల పరాయి దేశంలో నేలమాళిగలో కూర్చుని ఎప్పటివో ఎముకలు ముట్టుకోవడమేమిటని దాని బాధ. నలభై ఏళ్ల కిందట నేను హంగేరీకి బయలుదేరినప్పుడు మా అమ్మ కూడా ఇదే మాట అన్నది. దానికి ధైర్యం చెప్పాను గాని, ఆ తరువాత నాకే నిద్ర పట్టలేదు. మన ఇంటి నుంచి ఇంకొక పిల్ల ఆ దారిన వెళుతున్నదన్న గర్వం ఒకపక్క, నేను చేసిన తప్పు నీవూ చేస్తావేమోనన్న భయం ఇంకొకపక్క.

నీ ప్రణాళికను మీ అమ్మ పంపితే రెండుసార్లు చదివాను. 568లో కార్పేథియన్ మైదానంలో అడుగుపెట్టి, ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యాల చేతిలో 790లలో దెబ్బతినేదాకా అక్కడ రాజ్యమేలిన అవార్లలో ఎవరు తూర్పు నుంచి వచ్చినవారో, ఎవరు అంతకుముందే అక్కడ ఉన్నవారో పుర్రెల ఆకృతిని బట్టి, సమాధిలోని వస్తువులను బట్టి తేలుస్తానని రాశావు. ఈ వాక్యం చదివి నాకు కోపం వచ్చింది. పుర్రెను కొలిచి మనిషికి జాతి పేరు అంటించే అలవాటు పాత తరం పరిశోధకులది. అది ఎంతమందిని తప్పుదారి పట్టించిందో నీకు తెలియదా? వియన్నాకు దక్షిణాన ఉన్న మోడ్లింగ్, లియోబర్స్‌డార్ఫ్ శ్మశానాలనే చూడు. రెండుచోట్లా ఒకే రకమైన బెల్టు బిళ్లలు, ఒకే తీరు ఖననం, ఒకే తీరు బతుకు. అయితే 2025లో వెలువడిన డీఎన్ఏ ఫలితాలలో లియోబర్స్‌డార్ఫ్ వారి మూలాలు ఎక్కువగా తూర్పు ఆసియావి, మోడ్లింగ్ వారివి ఎక్కువగా ఐరోపావి అని తేలింది. ఇరుగుపొరుగున తరాల తరబడి ఉండి కూడా వారు వియ్యమందుకోలేదు. నడుముకున్న బెల్టును చూసి రక్తసంబంధం చెప్పబోయేవారికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? ఆ వాక్యం కొట్టివెయ్యి.

పనిలో మామూలు జాగ్రత్తలు నీకు అక్కడివారు నేర్పుతారు. మాస్కు, గ్లవ్స్ లేకుండా పెట్టె తెరవవద్దు. ఒక బల్ల మీద ఒక సమాధినే పరుచుకో. స్త్రీయో పురుషుడో కటి ఎముకను చూసి చెప్పు, పక్కన కత్తి దొరికిందని చెప్పవద్దు. చిన్నపిల్లల విషయంలో ఎముకలను చూసి అసలే చెప్పవద్దు. తొడ ఎముక మీద ఒక గుర్తు కనబడగానే ఆ మనిషి గుర్రపు రౌతు అని రాసెయ్యవద్దు. పళ్ల మీది గారను బ్రష్షుతో తోమవద్దు, వారు తిన్నదేమిటో అందులోనే చిక్కుకుని ఉంటుంది. చెవి లోపలి భాగాన్ని కాపాడే గట్టి ఎముకలో డీఎన్ఏ బాగా నిలుస్తుంది కాబట్టి అందరూ దాని కోసమే ఎగబడతారు. డ్రిల్లు పెట్టిన ఎముక తిరిగి రాదు. ముందు ఫోటోలు తీయించి, కొలతలన్నీ రాసుకుని, రెండోవైపు ఎముకను ముట్టకుండా ఉంచు.

ఇక నా తప్పు సంగతి. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

అప్పుడు నేను హంగేరీలో తిసా నది దగ్గర ఒక చిన్న పట్టణపు మ్యూజియంలో పని చేస్తున్నాను. గడువు దగ్గర పడుతున్నది. నా దృష్టంతా గుర్రాలతో, పోత కంచు బెల్టులతో పూడ్చిన మగవారి పుర్రెల మీదే ఉండేది. నీలాగే నాకూ అప్పట్లో కొలతల పిచ్చి. 212వ సమాధి ఒక స్త్రీది. ఇరవై ఏళ్లు దాటిన మనిషి. పక్కన ఒక మట్టికుండ, నాలుగు పూసలు తప్ప ఇంకేమీ లేవు. నా పట్టికలో ఒక్క గడి నింపడానికి తప్ప ఆమె నాకు అక్కరకు రాలేదు. ఎముకలతోపాటు పాత వార్తాపత్రికలో చుట్టి, పురికొసతో కట్టిన ఒక పెద్ద మట్టిబెడ్డ ఉన్నది. దాని మీద పెన్సిలుతో హంగేరియన్‌లో 'మెదెన్సె' అని రాసి ఉంది. నాకు తెలిసిన మెదెన్సె అంటే ఈత కొలను, హాస్టలు పక్కన ఉండేది. నీళ్ల తొట్టిలో వేసి కడగమని రాశారనుకున్నాను. నిఘంటువు నా సంచిలోనే ఉంది, తీసి చూడలేదు. తొట్టిలో నానబెట్టి, పెద్ద కన్నాల జల్లెడలో పోసి కుళాయి తిప్పాను. బెడ్డ అయిదు నిమిషాలలో కరిగిపోయింది. అడుగున నాలుగు సన్నని పుల్లలు మిగిలాయి, చీపురుపుల్లలంత. పక్షి ఎముకలనుకుని పక్కన పెట్టాను.

మూడు రోజుల తరువాత తవ్వకం డైరీ తెరిచాను. దాన్ని మొదటిరోజే చదవవలసింది. అందులో సమాధి బొమ్మ ఉన్నది. స్త్రీ వెల్లకిలా పడుకుని ఉంది. కటి ఎముకల నడుమ, తల కిందికి ఉన్న ఒక చిన్న ఆకారాన్ని చుక్కలతో గీశారు. అప్పుడు నిఘంటువు తీశాను. మెదెన్సె అంటే కటి కూడాను. తవ్విన మనిషి ఆ బిడ్డను కదపకుండా, తల్లి కడుపులో ఉన్నది ఉన్నట్టుగా మట్టితో సహా ఎత్తి, పురికొసతో కట్టి భద్రం చేశాడు. పన్నెండు వందల ఏళ్లకు పైగా ఆ తల్లి ఒడిలో చెదరకుండా ఉన్న బిడ్డను నేను అయిదు నిమిషాలలో కాలువలో కలిపేశాను.

మిగిలిన నాలుగు పుల్లలూ పక్కటెముకలు. తొడ ఎముక ఉండి ఉంటే దాని పొడవును బట్టి ఎన్నో నెలలో చెప్పగలిగేదాన్ని. నెలలు నిండిన బిడ్డకు అది ఏడున్నర సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆమె పురిటి నొప్పులలో పోయిందా, అంతకు ముందే జబ్బుతో పోయిందా అన్నది ఆ కొలత దగ్గర మొదలయ్యే ప్రశ్న. ఈనాడు అయితే బిడ్డ చెవి ఎముక నుంచి తండ్రి ఎవరో కూడా వెదకవచ్చు. హంగేరీలోని రాకోట్సిఫల్వా మొదలైన నాలుగు అవార్ శ్మశానాలలో 424 మంది డీఎన్ఏ చదివి తొమ్మిది తరాల వంశవృక్షం గీశారని 2024లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కుళాయి చప్పుడే. ఆ ఊళ్లలో మగవారు పుట్టిన చోటనే ఉండేవారు, ఆడవారు బయటి నుంచి కోడళ్లుగా వచ్చేవారు. 212వ సమాధిలోని మనిషి కూడా అలా ఎక్కడి నుంచో వచ్చిన పిల్లేనేమో. ఆమె పక్షాన చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నేను కడిగేశాను.

అందుకే చెబుతున్నాను. పెట్టె తెరవకముందు డైరీ చదువు. జర్మన్ నీకు వచ్చు. హంగేరియన్ కూడా నేర్చుకో, కనీసం శరీర భాగాల పేర్లన్నీ కంఠతా పట్టు. కటి దగ్గరి మట్టిని, పొట్ట దగ్గరి మట్టిని విడిగా, సన్నని జల్లెడలో, నీ చేతులతో నీవే జల్లించుకో, ఇంకొకరికి అప్పగించవద్దు. ఏమీ దొరకని బీద సమాధిని ముందు చూడు. అలసిపోయిన సాయంత్రం ఏ పెట్టే తెరవవద్దు. భోజనం మానేసి పని చేస్తే నాకు కబురు తెలుస్తుంది, మీ అమ్మకంటే ముందు నేనే కోప్పడతాను. నేలమాళిగలలో చలి ఎముకలు కొరుకుతుంది, మీ అమ్మమ్మ శాలువా పంపుతున్నాను.

మీ అమ్మమ్మ అంటే గుర్తొచ్చింది. ఆ ఏడు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి ఆమెకు మాత్రమే చెప్పాను. నేను ఎముకలు ముట్టిన చేతులతో వచ్చానని గుమ్మంలోనే స్నానానికి పంపిన మనిషి ఆమె. మనలో పెద్దలను దహనం చేస్తాం గాని పసివాళ్లను పూడ్చిపెడతాం కదా. నాకంటే ముందు పుట్టి పోయిన ఒక బిడ్డను ఆమె అలాగే మట్టికి ఇచ్చింది. నన్ను తిట్టలేదు. చాలాసేపు ఊరుకుని, "ఆ మిగిలిన నాలుగు ముక్కలైనా తల్లి దగ్గరే పెట్టావా?" అని అడిగింది.

పెట్టాను. ఒక తెల్ల కవరులో వేసి, పైన 212 అని రాసి, ఆమె కటి ఎముకల మధ్య ఉంచాను. ఆ మ్యూజియం పేరు, పెట్టె ఉన్న అర వివరాలు విడిగా రాసి శాలువా మడతలో పెడుతున్నాను. వియన్నా నుంచి అక్కడికి రైలు ఉంది. వీలు చూసుకుని ఒకసారి వెళ్లి, అనుమతి తీసుకుని ఆ పెట్టె తెరిచి, కవరు ఇంకా అక్కడే ఉన్నదో లేదో నాకు రాయి.

నీ
పెద్దమ్మ