సిస్టర్ల గురించి రాయబోతున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం చదివాను. మీ ఊరి కాన్వెంట్ సిస్టర్ల మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనబడుతోంది. అందుకే ఈ సంగతి నీకు చెప్పాలనిపించింది. నీ వ్యాసంలో సిస్టర్లు నవ్వుతున్నారు, ప్రార్థిస్తున్నారు, పిల్లల తల నిమురుతున్నారు. పని చేస్తూ ఒక్కరూ కనబడలేదు. తెల్లారుజామున లేచి, ప్రార్థన, చర్చిలో పూజ ముగించుకుని బయటపడితే మళ్లీ సాయంత్రం జపమాల దాకా వాళ్లకి పనే కదమ్మా. ఆ పనిలోకి వెళ్లు. మనిషి అక్కడే దొరుకుతుంది.

మన గుంటూరు సంగతే తీసుకో. డాక్టర్ మేరీ గ్లౌరీ పేరు నీ వ్యాసంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. "ఆస్ట్రేలియా నుంచి వచ్చి సేవ చేశారు" అని రాసి వదిలేశావు. ఆమె 1887లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. ఆడపిల్లలు డాక్టర్లవడమే అరుదైన ఆ రోజుల్లో, 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి వైద్య పట్టా తీసుకుంది. ఊళ్లో మంచి ప్రాక్టీసు ఉంది. 1915లో ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ గురించిన చిన్న పుస్తకం ఆమె చేతికొచ్చింది. ఇండియాలో పరదా చాటున బతికే ఆడవాళ్లు మగ డాక్టరుకి చూపించుకోలేక, ఆడ డాక్టరు దొరక్క, తల్లీబిడ్డా పోతున్నారని అందులో చదివింది. తను వెళ్లాల్సింది ఇక్కడికేనని అప్పుడే తేల్చుకుంది.

ఇక్కడ కాసేపు ఆగు. నీకు కావలసిన కథ ఇక్కడుంది. ఆనాటి చర్చి చట్టం ప్రకారం మఠంలో చేరినవాళ్లు ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యం చేయకూడదు. అంటే సిస్టర్ అయితే డాక్టరు పని మానుకోవాలి, డాక్టరుగా ఉండాలంటే సిస్టర్ కాకూడదు. ఆమెకి రెండూ కావాలి. 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జె.ఎం.జె. (జీసస్, మేరీ, జోసఫ్) సిస్టర్ల సభలో, అంటే వాళ్ల మఠవాసుల సంఘంలో, చేరింది. హాలండ్‌లో పుట్టిన ఆ సభ అప్పటికే 1904 నుంచి గుంటూరులో ఉంది. పదిహేనో బెనెడిక్ట్ పోపుగారు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాక, మఠంలో ఉంటూనే వైద్యం చేసింది. సిస్టర్లు ప్రసూతి వైద్యం నేర్చుకుని చేయడానికి రోమ్ నుంచి అందరికీ వర్తించే ఉత్తర్వు రావడానికి 1936 దాకా పట్టింది. ఆమె అప్పటికే ఏళ్ల తరబడి గుంటూరులో కాన్పులు చేస్తోంది! ఇంత గట్టి మనిషిని "కరుణామయి" అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలా?

చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసఫ్ ఆసుపత్రి అయిందని నువ్వూ రాశావు. అది ఎలా అయిందో కూడా రాయాలి. ఆమె ఇక్కడి అమ్మాయిల్ని కూర్చోబెట్టి మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని చూసుకోవడం నేర్పింది. ఒక్క డాక్టరు ఎంతమందిని చూడగలదు? 1943లో కాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కలిపింది కూడా అందుకే. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. ఇక్కడి వాళ్లనే డాక్టర్లుగా తయారుచేసే కాథలిక్ మెడికల్ కాలేజీ కావాలని ఆమె ఆశ. 1957లో బెంగళూరులో కన్నుమూసింది. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ అదే ఊళ్లో 1963లో మొదలైంది. ఆమె చూడలేదు.

ఇది పాత సంగతి, రికార్డుల్లో దొరుకుతుంది. ఇప్పటి సిస్టర్ల గురించి రాయాలంటే మాత్రం నువ్వు వెళ్లి కూర్చోవాలి. ఒక పల్లె డిస్పెన్సరీలో నేను చూసింది చెబుతాను. కేరళ నుంచి వచ్చిన సిస్టర్. తెలుగు గడగడా మాట్లాడుతుంది, యాస మాత్రం పోలేదు. దూలానికి వేలాడే త్రాసులో పసిపిల్లని కూర్చోబెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, కార్డు మీద అంకె వేసింది. పక్కనున్న అత్తగారి వైపు తిరిగి, "పోయిన నెల కంటే తగ్గింది. కోడలు తింటోందా, లేదా? నిజం చెప్పు పెద్దమ్మా" అంది. పెద్దమ్మ ఏదో గొణిగింది. సిస్టర్ వదల్లేదు. పొద్దున ఏం వండారు, ఎవరు ముందు తిన్నారు, కోడలికి ఏం మిగిలింది, అన్నీ రాబట్టింది. అక్కడ మందు అవసరం లేదు, ఆ ప్రశ్నలే కావాలి. ఇలాంటివి రాయి తల్లీ.

ఇంకొకటి, డబ్బు సంగతి. పాఠకులకి దీని మీద బోలెడు అపోహలు. ఎయిడెడ్ స్కూల్లో పనిచేసే సిస్టర్‌కి ప్రభుత్వ జీతం వస్తుంది. కానీ పేదరికం వ్రతం తీసుకుంది కాబట్టి అది ఆమెది కాదు, సభకి వెళ్తుంది. చీరకీ చెప్పులకీ కూడా సభనే అడగాలి. చేతికి రాని జీతం మీద పన్ను కోయవచ్చా అని తమిళనాడు, కేరళ నుంచి వెళ్లిన కేసులో, కోయవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు మంచిచెడ్డలు నువ్వు తేల్చనక్కర్లేదు. ఆ ఒక్క విషయం వివరంగా రాస్తే వ్రతమంటే ఏమిటో పాఠకుడికి ఇట్టే తెలుస్తుంది.

పై వాళ్ల మాట వినాలన్న విధేయత వ్రతం గురించీ అడుగు. పదేళ్లు కష్టపడి నిలబెట్టిన స్కూలు వదిలి, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రాగానే పెట్టె సర్దుకుని భాష తెలియని ఊరికి వెళ్లడం తేలిక కాదు. కొందరు ఏడుస్తారు. కొందరు పై వాళ్లతో వాదిస్తారు. మఠం వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ బాధంతా దాచిపెట్టి రాస్తే సిస్టర్లకి మేలు చేసినట్టు కాదు. కష్టం లేకుండా బతికారని రాస్తే వాళ్లు వదులుకున్నదానికి విలువ ఎక్కడుంటుంది? అయితే వాళ్లు నమ్మి చెప్పుకున్న సంగతి అడగకుండా అచ్చు వేయకు. పేరు వద్దంటే తీసెయ్. ఊరిని బట్టి మనిషిని గుర్తుపట్టేలా ఉంటే ఊరూ తీసెయ్.

వెళ్లగానే "మీరు సిస్టర్ ఎందుకయ్యారు?" అని మొదలుపెట్టకు. ఆ ప్రశ్నకి అందరి దగ్గరా నలిగిన జవాబు ఒకటి ఉంటుంది. నిన్న ఏం చేశారని అడుగు. రాత్రి ఎవరైనా తలుపు కొట్టారా, కొడితే ఎవరు లేచారు, రిటైరైన సిస్టర్లని ఎవరు చూసుకుంటున్నారు, ఇవి అడుగు. కొత్తగా చేరే అమ్మాయిలు చాలాచోట్ల తగ్గిపోతున్నారు. దాని గురించి పెద్ద సిస్టర్లకి టెన్షన్ ఉంది, కదిపితే చెబుతారు.

వాళ్ల పూజకి ఒకసారి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ప్రార్థనని పక్కనబెట్టి సేవ ఒక్కటే రాస్తే, జీతం తీసుకోని ఉద్యోగుల గురించి రాసినట్టుంటుంది. వాళ్లని నడిపించేది ఏమిటో వాళ్ల మాటల్లోనే రానివ్వు. నీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, వాళ్ల నమ్మకానికి మర్యాద ఇచ్చి రాయి.

వేసవి సెలవులకి ముందే వెళ్లు. ఏప్రిల్, మే నెలల్లో బదిలీలు మొదలయ్యాయంటే నీకు కావలసిన సిస్టర్ ఏ ఊళ్లో ఉంటుందో చెప్పలేం. కొత్త ప్రతి తయారయ్యాక నాకు పంపు, చదివి పెడతాను.

నీ మేలు కోరే
పెద్దమ్మ