పెద్దముక్కు పిట్టలు చచ్చిన ఏడాది

అమ్మా మాధవీ,

నీ వ్యాసం అందింది. కొల్లేరులో గుడ్డికొంగ గట్టువార నిలబడితే పొడుగుకాళ్ల కొంగలు లోపలికి దిగి మేస్తాయన్న వాక్యం బాగుంది, చూసి రాసినట్టుంది. మిగతాది చదువుతుంటే ఒళ్లు మండింది. "ప్రకృతిలో బలమున్నదే బతుకుతుంది" అని మొదట్లో అన్నావు, మధ్యలో అన్నావు, చివర్లో మళ్లీ అన్నావు. ఎవరు చెప్పారమ్మా నీకు? డార్విన్ని వేదికెక్కించి సేల్స్ టార్గెట్ల గురించి మాట్లాడించే వ్యక్తిత్వ వికాస నిపుణులు ఈమధ్య ఊరికి పదిమంది తయారయ్యారు. వాళ్ల మాట నీ కలంలోకి ఎలా దూరిందోగానీ, ముందు దాన్ని కొట్టెయ్.

పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో డాఫ్నే మేజర్ అని ఓ చిన్న రాతి దిబ్బ ఉంది. జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో మొదలుపెట్టి దశాబ్దాల పాటు అక్కడి ఫించ్ పిట్టల్ని పట్టుకుని, కాళ్లకి రింగులు తొడిగి, ముక్కులు కొలిచి వదులుతూ వచ్చారు. 1977లో వాన మొహం చాటేసింది. మధ్యరకం నేల ఫించ్ అనే జాతి పిట్టలు తినే చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవి మన పల్లేరుకి దగ్గర చుట్టమైన మొక్క కాయలు. పల్లేరు ముల్లు అరికాల్లో దిగినవాళ్లకి ఆ కాయ ఎంత మొండిదో చెప్పక్కర్లేదు. ముక్కు మందంగా ఉన్న పిట్టలు దాన్ని చిట్లగొట్టి లోపలి గింజ తిన్నాయి. తక్కినవాటిలో చాలా భాగం చచ్చాయి. బతికినవాటి ముక్కు మందానికీ కరువుకి ముందున్న సగటుకీ తేడా ఎంతనుకున్నావ్? సుమారు అర మిల్లీమీటరు. వాటి పిల్లలకీ మందపు ముక్కులే వచ్చాయి.

ఇక్కడిదాకా నీ వాక్యం నిలబడేటట్టే ఉంది. 1982లో ఆ దీవికి ఇంకో జాతి, పెద్ద నేల ఫించ్, వచ్చి కాపురం పెట్టింది. దాని తిండీ ఆ కాయలే, పైగా వాటిని ఇంకా సులువుగా పగలగొడుతుంది. ఇరవై ఏళ్లు పెద్ద గొడవేమీ కనిపించలేదు. 2003, 2004ల్లో వరసగా కరువొచ్చింది. అప్పటికి సంతానం పెరిగిన పెద్ద ఫించ్‌లు కాయలన్నీ ఊడ్చేశాయి, దగ్గరికొచ్చిన మధ్యరకం పిట్టల్ని తరిమాయి. ఈసారి మధ్యరకం పిట్టల్లో ఎక్కువగా చచ్చినవి పెద్దముక్కువే! 1977లో ప్రాణం నిలిపిన ముక్కే ఇప్పుడు ప్రాణం తీసింది. చిన్నచిన్న గింజలు ఏరుకుని బతకగలిగిన చిన్నముక్కులు మిగిలాయి, జాతి సగటు ముక్కు చిన్నదైంది. ఉన్నదంతా తినేసిన పెద్ద ఫించ్‌లు కూడా చాలావరకు పోయాయి. ఇందులో నీ బలవంతుడెవడో చూపించు. పక్కన ఎవరు మేస్తున్నారు, ఆ ఏడు ఏ గింజ మిగిలింది, అంతే లెక్క.

అందుకే చెప్తున్నా, పోటీ అని రాస్తే ఎవరి నోటికాడి కూడు ఎవరు తన్నుకుపోయారో చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట జోలికి పోకు. నీ కొంగల దగ్గరా ఇదే తిరకాసు. లోతులు పంచుకుని మేస్తున్నాయి కాబట్టి పోటీ వల్లే కాళ్లు పొడుగయ్యాయని ఒక్క గెంతు గెంతావు. ఒకప్పుడు కొట్టుకుని విడిపోయాయో, ఎక్కడెక్కడో వేరువేరుగా ఎదిగి ఇక్కడికి చేరాయో ఇవాళ కొంగని చూసి చెప్పలేం. జోసెఫ్ కానెల్ 1980లో తోటి జీవావరణ శాస్త్రవేత్తల్ని సరిగ్గా ఈ విషయంలోనే నిలదీశాడు. ఆయనకి ఆ హక్కుంది. స్కాట్లండ్ తీరంలో బార్నకిల్స్ మీద, అంటే సముద్రపు రాళ్లకి అతుక్కుని బతికే చిన్న గుల్లజీవుల మీద, ఆయన చేసిన పని చూడు. ఒక జాతి రాళ్ల పైభాగంలో ఉంటుంది, ఇంకోటి కింద. కొన్ని రాళ్లమీద కింది జాతిని గీకి తీసేశాడు. పైజాతి ఆ కిందిచోటులోనూ హాయిగా పెరిగింది. గీకని చోట కింది జాతి దానిమీదికి ఎక్కి, అడుగునుంచి పెకలించి, నలిపేసింది. కింది జాతి పైకెందుకు పోలేదంటే, అక్కడి ఎండకి తాళలేక. 1961లో అచ్చయిన పరిశోధన అది. రాళ్లు గీకినవాడు పోటీ అనొచ్చు.

దానిమీద రాసి నేను ఒక వారపత్రికకి పంపాను, సైకిల్ మీద స్వయంగా వెళ్లి ఇచ్చాను. సంపాదకుడు "మన పాఠకులకి ఈ నత్తలెందుకండీ?" అన్నాడు. నత్తలు కావు మహాప్రభో, రొయ్యకీ పీతకీ చుట్టాలు అన్నాను. నెల తర్వాత సగానికి కోసి వేశారు. శీర్షిక "జీవన సమరం", పక్కన నోరు తెరిచిన పులి! అందులో నత్తలు మాత్రం నత్తలుగానే ఉన్నాయి. డబ్బులు రాలేదనుకో, అది వేరే కథ.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరిచేత రాయించాలి అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు మొదటి రెండు పేజీలు తీసేసి కొల్లేరు నుంచి మొదలుపెట్టు. ఏ నెలలో చూశావు, నీళ్లు ఎంత ఉన్నాయి, ఏ కొంగ ఏ చేపని పట్టింది, అవి రాయి. తెలియకపోతే మళ్లీ వెళ్లి చూడు, ఎండాకాలంలో వెళ్లు, నీళ్లు తగ్గి అన్నీ ఒకేచోట చేరినప్పుడు. ఫొటోలు కూడా నువ్వే తీసి వ్యాసంతో పంపించు, లేకపోతే వాళ్ల దగ్గర పులి సిద్ధంగా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు