అవ్వను ఎందుకు తీసేశావు?

అమ్మాయీ,

నీ నవల, దాంతోపాటు పంపిన అధ్యాయాల పట్టిక, రెండూ చదివాను. నాలుగో అధ్యాయంలో తూకం దగ్గర మండీ వాడితో కొట్లాడే అవ్వ ఉంది చూడు, ఆ రెండు పేజీలు చదువుతుంటే నాకు కళ్లు తడిశాయి. ఐదో అధ్యాయం నుంచి ఆమె లేదు. పట్టికలో వెతికితే అక్కడ అసలు ఆమె ఊసే లేదు. రాస్తుంటే తనంతట తానుగా వచ్చింది, పట్టికలో చోటు లేదని నువ్వు పంపించేశావు. ఆ కోపంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోటీ గడువుకు నెలన్నరే ఉంది, ముందే ప్లాన్ వేసుకుని రాయాలా, కథ ఎటు పోతే అటు పోవాలా అని అడిగావు. నేను ఎవరికైనా చెప్పేది ఒకటే. మనుషులకు ప్లాన్ వెయ్యొద్దు, కాలానికి వెయ్యి. ఏ నెలలో కథ ఎక్కడుంది, అప్పుడు ఎవరి వయసెంత, మామిడితోపులో ఉన్నది పూతా కాయా, ఊరికి బస్సు ఎన్నింటికి, ఇంట్లోకి డబ్బు ఎప్పుడొస్తుంది, ఇవన్నీ మొదటి వారంలోనే కాగితం మీద పెట్టుకో. ఎవరు ఎవరితో ఏమంటారు, ఎవరు ఎవర్ని వదిలిపోతారు అన్నది రాసేటప్పుడు తేలనీ.

నువ్వు దీన్ని తలకిందులు చేశావు. 32 అధ్యాయాల్లో ఎవరు ఎప్పుడు ఏడవాలో రంగులేసి మరీ రాసుకున్నావు. కానీ 2019లో నీ కథానాయిక బంగారుపాళెం నుంచి చిత్తూరు దాటుకుని, అర్జీ ఇవ్వడానికి తిరుపతి కలెక్టరాఫీసుకు పోతుంది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అందాకా మనకు కలెక్టరు చిత్తూరులోనే కదా! ఏడో తరగతి తమ్ముడు ఆరు నెలలు తిరక్కుండా ఇంటర్లో చేరాడు. బెంగళూరా మామిడికాయ కోసేది జూన్, జూలైల్లో. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరేదీ అప్పుడే. నువ్వు ఆ బారును సంక్రాంతి ముందు పెట్టావు. సంక్రాంతికి తోపులో ఉండేది పూత. గడువు తరుముతుంటే ఇవన్నీ చివర్లో దిద్దుకోవచ్చులే అనిపిస్తుంది. దిద్దలేవు. కోతను ఆరు నెలలు అటు జరిపితే దాని మీద చేసిన అప్పు, అప్పుతో కుదిరిన పెళ్లి, పెళ్లిలో కొట్లాట అన్నీ అటే జరపాలి.

మన పక్క భారతం చూసే ఉంటావు. పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం. బకాసుర వధ ఏ రోజో, అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే పొడవాటి స్తంభం ఎక్కేది ఏ రోజో ఊరంతటికీ తెలుసు. ఆఖరి రోజు దుర్యోధనుడు పడక తప్పదనీ తెలుసు. అయినా తెల్లవార్లూ జనం కదలకుండా కూర్చునేది వేషగాడు ఈ పూట ఏమంటాడో విందామనే. భీముడు ముందు వరసలో ఉన్న వడ్డీ వ్యాపారిని చూసి అప్పటికప్పుడు ఓ మాట అంటాడు. ఆ మాట ఏ ప్రతిలోనూ ఉండదు. రోజుల లెక్క గట్టిగా ఉంది గనుకే అతనికి ఆ స్వేచ్ఛ.

విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' 29 రోజుల్లో చెప్పారు, ఆయనకేం ప్లాన్ ఉంది అని రాశావు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం ఆయన చెబుతుంటే తమ్ముడు రాశారంటారు. ఆ 29 రోజులు చెప్పడానికి పట్టినవి. ఆ నవలలోని ఊరి కాలమంతా అంతకు ముందే ఆయన లోపల ఉంది.

నేను బడిపంతులుగా ఉంటూ ఒక వారపత్రికకు సీరియల్ రాశాను. రాత్రి రాసింది తిరుపతి రైల్వే స్టేషన్లో రైళ్లలో టపా చేరవేసే ఆర్.ఎం.ఎస్. డబ్బాలో వేసేవాణ్ణి. ఉత్తరాలు బాగా వస్తున్నాయి, సాగదీయమన్నారు. సాగదీస్తుండగానే వెంటనే ముగించమన్నారు. నాకు చెప్పకుండా కొత్త సీరియల్ ప్రకటించేశారు. ఆ సంపాదకుణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. అప్పుడు నన్ను నిలబెట్టింది గోడ మీది క్యాలెండరే. వేరుశనగ విత్తే వారం, పీకే వారం, బ్యాంకు నోటీసు వచ్చే వారం అందులో గుర్తు పెట్టుకుని ఉన్నాను. కథను నేరుగా పీకుడు రోజుకు తెచ్చాను. పెద్దకొడుకు ఆ రోజు చేలో ఏం చేశాడో రాసేదాకా నాకే తెలియదు.

ఇంకొకటి, రోజుకు 1,667 మాటలన్న లెక్క వదిలెయ్. అది నవంబరు నెలలో 50,000 మాటల నవల రాసే అమెరికా వాళ్ల పద్ధతి. ఈ మధ్య మన పిల్లలందరికీ పట్టుకుంది. నీ ఆరో అధ్యాయంలోని నాలుగు పేజీల వాన ఆ అంకె కోసం రాసిందేనని తెలిసిపోతోంది. రోజుకొక సీను రాయి, చిన్నదైనా సరే.

కలం పేరు, పబ్లిషర్ల సంగతి తర్వాత చూద్దాం. నీ కథ 2019 ఉగాదితో మొదలవుతుంది గనుక వికారి నామ సంవత్సరం పంచాంగం కావాలి. పాతవన్నీ నా దగ్గర కట్టలుగా ఉన్నాయి, ఆదివారం మా ఇంటికి రా, తీసి పెడతాను. గడువు పెంచమని పోటీవాళ్లకు మాత్రం రాయొద్దు. నెలన్నర చాలు.