కుసి బెజ్జం నడుమ కలవాలంటే

36 మిల్లీమీటర్ల మందమున్న టేకు తలుపు నిలువు కమ్మీకి రెండు అంచుల నుంచి తొలిచిన కుసి బెజ్జాలు (అడ్డ కమ్మీ కొసన ఉండే నాలుక, అంటే కుసి, దూరే రంధ్రాలు) నడుమ కలవడం లేదనీ, బెజ్జం మూతి పెచ్చులూడుతోందనీ మీరు రాశారు. మొదటి లోపం ఉలిది కాదు, గీతలదే అయి ఉంటుంది. కమ్మీ ముఖాల్లో (వెడల్పాటి పక్కల్లో) ఒకదానిపై గుర్తు పెట్టి, రెండు అంచులపైనా మార్కింగ్ గేజును (ఆనించిన పక్కకు సమాంతరంగా గీత గీసే పనిముట్టును) ఆ ముఖానికే ఆనించి గీయాలి. ఒక అంచుకు ఒక ముఖాన్ని, రెండో అంచుకు ఎదుటి ముఖాన్ని ఆధారం చేసుకుంటే, మందంలో ఉన్న స్వల్ప తేడా కూడా బెజ్జాలను పక్కకు జరుపుతుంది.

బెజ్జం వెడల్పు మందంలో మూడో వంతు, అంటే 12 మిల్లీమీటర్లు ఉంటే చాలు. 10 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో, పక్కనే మూలమట్టాన్ని నిలబెట్టి చూసుకుంటూ, ఒక్కో అంచు నుంచి సగం లోతు వరకే వరుసగా రంధ్రాలు వేయండి. లోతు తెలియడానికి బిట్టుకు టేపు చుట్టవచ్చు.

పెచ్చులూడడానికి కారణం చాలావరకు తొందరే. బెజ్జం కొసల్లోని అడ్డగీతలను పెన్సిలుతో కాక కత్తితో కోసి, అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల చెక్కను చివరిదాకా వదిలేయాలి. పొట్టును ఎగదన్నేటప్పుడు ఉలి ఆనేది ఆ వదిలేసిన చెక్కపైనే కాబట్టి మూతి నలగదు. పక్కగోడలను వెడల్పాటి ఉలి చదును వైపును ఆనించి, సుత్తి లేకుండా చేతితోనే పలుచగా చెక్కండి. మొద్దుబారిన ఉలితో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి. కొసల్లో మిగిలిన చెక్కను ఆఖరున, ఉలి ఏటవాలు వైపు బెజ్జం లోపలికి ఉండేలా పట్టి, నిలువుగా దించండి.